కడిగిన రక్తం

మరదలి చదువంటే బావగారికి ఎంత గౌరవమో ఆ బోర్డు చూశాకే ఆమెకి తెలిసింది. రెండంతస్తుల మేడ ముందుభాగాన్నంతా కప్పేసిన ఫ్లెక్సీ అది. పైన ఎర్రటి అక్షరాల్లో 'స్వచ్ఛరక్త కేంద్రం' అని ఉంది. కింద గుమ్మడికాయంత రక్తపు బొట్టు, అందులో రంగురంగుల ప్లాస్టిక్ ముక్కలు తేలుతున్నాయి. ఆ బొట్టు కింద ఒక వాక్యం: 'రక్తంలో చేరిన ప్లాస్టిక్ రోగనిరోధక కణాలను రెచ్చగొడుతుంది. ఇది పరిశోధనలో తేలిన నిజం.'

ఆ వాక్యం ఆమెదే. కాకపోతే ఆమె రాసింది 'రెచ్చగొట్టే అవకాశం ఉంది. మనుషుల్లో ఇంకా నిరూపణ కాలేదు' అని. బావగారు అందులోంచి తనకి పనికిరాని మాటలన్నీ ఏరి పారేసి, మిగిలినవాటిని మేడకి వేలాడదీశాడు.

ఇంట్లో ఆమెని మిరియం అంటారు. చిన్నప్పుడు బక్కగా, నల్లగా ఉండి, నోరు తెరిస్తే అవతలివాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తెప్పించేదని పెట్టిన పేరు. ఇప్పుడు రక్తం మీద పరిశోధన చేసే లాబ్‌లో ఒక విభాగానికి పెద్ద అయినా ఆ పేరు వదల్లేదు. లాబ్‌లో వాళ్ళు కూడా ఆమె వెనకాల మిరియం మేడం అనే అనుకుంటారు.

మనిషి రక్తంలో కంటికి కనపడని ప్లాస్టిక్ రేణువులు ఎన్ని ఉన్నాయో, ఏ రకానివో తేల్చడం ఆమె పని. ఆ పనికి మొదటి శత్రువులు పనిచేసేవాళ్ళే. ఒంటిమీద బట్ట, తలమీద టోపీ, చేతిలో పెన్ను, కిటికీ తెర అన్నీ నూగు రాలుస్తూనే ఉంటాయి. అందుకే ఆ గదిలో అందరూ నారింజరంగు నూలు కోట్లు తొడుక్కుంటారు. నమూనాలో నారింజ పోగు కనపడితే అది రోగిది కాదు, మనదేనని తెలుస్తుంది. సామాన్లన్నీ గాజువో, స్టీలువో. ప్రతి రక్తం నమూనాతోపాటు వట్టి శుద్ధమైన నీళ్ళని కూడా అదే దారిలో, అవే మందులతో, అవే జల్లెళ్ళ గుండా నడిపిస్తారు. ఆ నీళ్ళలో ఏం దొరికితే అది గాలిలోంచి పడినట్టు లెక్క. రక్తంలో దొరికినదాంట్లోంచి దాన్ని తీసెయ్యాలి. చాలాసార్లు ఆ తీసివేతతోనే ఆమె ఉత్సాహం కూడా తీరిపోయేది.

బావగారికి తీసివేతలు రావు. అంతకుముందు ఆయన అయస్కాంతాల పరుపులు అమ్మాడు. తర్వాత మంచినీళ్ళకి ప్రాణం పోసే గాజు కడ్డీలు అమ్మాడు. ఆ తర్వాత నడుముకి చుట్టుకుంటే పొట్ట కరిగిపోయే పట్టీలు. ఆ పట్టీ కట్టుకుని ఊరంతా తిరిగినన్నాళ్ళూ బావగారి పొట్ట ఏమాత్రం మొహమాటపడకుండా పెరుగుతూనే ఉంది. మిరియం వాటన్నిటికీ నవ్వి ఊరుకుంది. ఈ ప్రారంభోత్సవానికైతే రానే రాకూడదనుకుంది. అక్క ఫోన్ చేసి, "ఒక్క గంట కూర్చుని వెళ్ళిపోవే, ఆయన పరువు నిలబెట్టు" అని బతిమాలితే వచ్చింది. లేని పరువుని ఎలా నిలబెడతారో ఆమెకి అర్థం కాలేదు.

లోపల వరసగా వాలుకుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన వాషింగ్ మెషీన్‌కి దగ్గరి చుట్టంలాంటి తెల్లటి పెట్టె. ఒక చేతిలోంచి గొట్టం ద్వారా రక్తం పెట్టెలోకి పోతుంది, రెండో చేతికి గుచ్చిన గొట్టంలోంచి తిరిగి ఒంట్లోకొస్తుంది. మధ్యలో ఏదో గుయ్‌మంటుంది, ఆకుపచ్చ దీపాలు వెలుగుతాయి. మిరియం వంగి చూసింది. గొట్టాలు ప్లాస్టిక్. సంచి ప్లాస్టిక్. జల్లెడ పెట్టిన డబ్బా ప్లాస్టిక్. కుర్చీ తొడుగు, అది కొత్తదని తెలిసేలా ఇంకా విప్పని కవరుతో సహా, ప్లాస్టిక్.

బావగారు మైకు ముందు ఒక గాజు సీసా ఎత్తి చూపించాడు. అందులో నీలం, తెలుపు రేకులు మెరుస్తున్నాయి.

"చూడండి! ఒక్క మనిషి ఒంట్లోంచి తీసింది. ఒక్క మనిషి!"

జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. ముందు వరసలో ఒకావిడ తన చేతిని తనే దూరంగా జరుపుకుంది, అది ఎవరిదో అన్నట్టు. మిరియానికి ఒళ్ళు మండింది. చప్పట్లు ఆగాక బావగారిని మెట్ల కిందికి లాక్కెళ్ళింది.

"బావగారూ, ఆ రేకులు గోరంత ఉన్నాయి. సన్నటి రక్తనాళాల్లో రక్తకణాలే ఒకదాని వెనక ఒకటి ఒదిగి ఒదిగి వెళ్ళాలి. అంత ముక్క ఒంట్లో తిరిగితే ఆ మనిషి మీ కుర్చీ దాకా రాడు, శ్మశానానికి వెళ్తాడు."

"అదొక ఉదాహరణ మరదలా," అన్నాడాయన చిరునవ్వు చెదరకుండా. "జనానికి ఏదో ఒకటి కనపడాలి కదా. కనపడనిదాన్ని ఎవడు నమ్ముతాడు?"

"నేను రోజూ కనపడనిదాన్నే లెక్కపెడుతుంటాను."

"అందుకే నీ దగ్గరికి ఎవరూ రారు," అని ఆయన మరదలి భుజం తట్టి వెళ్ళిపోయాడు.

అప్పుడు అక్క వేదిక ఎక్కింది. అక్క బడిలో లెక్కల టీచరు. కొన్నేళ్ళుగా ఆమెకి కీళ్ళవాతం. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారితప్పి సొంత కీళ్ళని కొరుక్కుతినే జబ్బు. దాన్ని అదుపులో పెట్టడానికి మాత్రలు వాడుతుంది. అలాంటి అక్క మైకు పట్టుకుని, వేళ్ళు చాచి చూపించి, "చాక్‌పీసు పట్టుకోలేని చేతులండీ ఇవి. కేంద్రం తెరవకముందే మావారి మిషన్ మీద రక్తం కడిగించుకున్నాను, అప్పట్నుంచి మందులన్నీ మానేశాను" అంది.

సభ అయ్యాక అక్క వెంటే వాళ్ళింటికెళ్ళి, వంటింట్లో మిరియం ఆమెని నిలదీసింది.

"ఎవరినడిగి మానేశావు?"

"ఆయనే చెప్పారు. నా ఒంట్లో రోగనిరోధక శక్తికి పిచ్చిపట్టలేదంట. రక్తంలో ఉన్న ప్లాస్టిక్‌తో యుద్ధం చేస్తోందంట. ఆ ప్లాస్టిక్ తీసేస్తే అదే సర్దుకుంటుందంట. నువ్వు రాసింది కూడా అదేగా?"

ఆ మాట పూర్తిగా పిచ్చిమాటయితే బాగుండేది. గాజు పళ్ళెంలో ఆమె తన కళ్ళతో చూసింది: తెల్లరక్తకణం ప్లాస్టిక్ రేణువుని శత్రువనుకుని మింగుతుంది, అరిగించుకోలేదు, కక్కుకోలేదు, చుట్టుపక్కల కణాలని సాయం రమ్మని రసాయనాలతో కేకలు పెడుతుంది. అవి వచ్చి వాపు రేపుతాయి. కానీ పళ్ళెంలో పోసిన రేణువులు మనిషి ఒంట్లో ఉండేవాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మనిషిలోనూ అలాగే జరుగుతుందా, జరిగితే ఎవరిలో, ఎంత? ఆ ప్రశ్న మీదే ఆమె ఏళ్ళు ఖర్చుపెడుతోంది. బావగారు ఆ ప్రశ్నని ఎత్తుకుపోయి, తోక కత్తిరించి, జవాబుగా అమ్ముతున్నాడు. జేబులు కొట్టేవాళ్ళంటే ఆమెకి ఇంతకంటే గౌరవం ఉంది.

"నీకిప్పుడు బాగున్నట్టుందంటే, మానేసిన మాత్రల బలం ఇంకా ఒంట్లో ఉంది కాబట్టి," అంది. "పని చేసింది అవి, దండలు వేయించుకుంటోంది ఆ గుయ్‌గుయ్ పెట్టె. అక్కా, రేపే మీ డాక్టరు దగ్గరికి వెళ్ళు."

అక్క గిన్నె తోముతూ ఆగింది. "నువ్వెప్పుడూ అంతే. ఏమడిగినా 'కావచ్చు', 'చూడాలి', 'ఇంకా తెలీదు'. ఆయన 'తగ్గుతుంది' అంటారు. నొప్పితో ఏడ్చేవాళ్ళకి ఏ మాట కావాలే?"

"నిజం కావాలి."

"నీకు నొప్పి రాలేదు," అంది అక్క. మళ్ళీ గిన్నె అందుకుంది.

మిరియం ఆరోగ్యశాఖ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి అధికారి ఆమె చెప్పిందంతా తలూపుతూ విన్నాడు. మధ్యమధ్యలో పిప్పరమెంటు బిళ్ళ ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకున్నాడు.

"మేడం, రక్తం పోతోంది, అదే రక్తం తిరిగొస్తోంది. ఎవరికీ నష్టం జరగలేదు. దెబ్బతిన్నవాళ్ళెవరైనా ఫిర్యాదిస్తే చూద్దాం."

"అంటే ఎవరో ఒకరు పోయేదాకా ఆగాలా?"

"అలా అనకండి," అని, గొంతు తగ్గించి, "ఆయన మీకు బావగారవుతారన్నారు కదా... మా ఇంట్లోవాళ్ళకి ఒక రోజు ఇమ్మని చెప్పిపెడతారా? అక్కడ జనం ఎక్కువగా ఉంటున్నారంట" అన్నాడు.

ఆమె కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఆ గదిలో తిట్టడానికి తగిన మనిషి కూడా ఆమెకి కనపడలేదు.

అక్క వారం వారం కేంద్రానికి వెళ్తూనే ఉంది. మిరియం ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేసేది. చలి మొదలయ్యే రోజుల్లో ఒక ఉదయం బడి నుంచి ఫోను వచ్చింది. అక్క తరగతి గదిలో బోర్డు పట్టుకుని అలాగే జారి కూలబడిపోయిందట.

ఆస్పత్రిలో చూస్తే ఆమె వేళ్ళు వేళ్ళలా లేవు. ఉంగరాన్ని కత్తిరించి తీశారు. మోకాళ్ళు బూరెల్లా పొంగాయి. పైగా ఒళ్ళు కాలిపోతోంది. గొట్టం గుచ్చిన చోట మోచేతి మడతలో ఎర్రగా వాచి చీముపట్టింది. అది రక్తంలోకి పాకుతోందేమోనని డాక్టరు భయపడింది. నిద్రలేక కళ్ళు లోపలికిపోయిన పడుచుపిల్ల ఆ డాక్టరు. "మాత్రలు మానడం ఒక తప్పు. శుభ్రంలేని సూది ఇంకో తప్పు. రెండూ ఒకేసారి ఎలా చేశారండీ?" అంది.

బావగారు వరండాలో పచార్లు చేస్తున్నాడు. మరదల్ని చూడగానే దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, మెల్లగా అన్నాడు:

"కంగారుపడకు. ఇది మంచి లక్షణమే. లోపలున్న విషం బయటికొస్తోంది."

"బావగారూ," అంది మిరియం, అంతే మెల్లగా, "ఇంకొక్క ముక్క మాట్లాడారంటే మీ లోపల ఉన్నదేదో నేనే బయటికి తీస్తాను."

ఆయన వెంటనే ఎవరికో ఫోన్ చేయాల్సిన పని గుర్తొచ్చి కిందికి వెళ్ళిపోయాడు.

జ్వరం దిగడానికి రోజులు పట్టింది. ముందు చీముకి మందులిచ్చి, అది పూర్తిగా తగ్గాక పాత మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. ఆస్పత్రి నుంచి అక్క మిరియం ఇంటికే వచ్చింది. తల దువ్వుకోవడానికి చెయ్యి లేవకపోతే మిరియం దువ్వేది. ఎంత నోరున్నా, దువ్వెన పట్టుకున్నప్పుడు మాత్రం ఆమె ఏమీ అనేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, భోజనాల వేళకి లాబ్ ఖాళీ అయ్యాక, బావగారు వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి అటూ ఇటూ చూశాడు.

"ఎవరూ లేరుగా?"

"నేనున్నాను. చెప్పండి."

అక్క గురించి అడగడానికి వచ్చాడేమో అనుకుంది. క్షమాపణ చెప్తాడేమో అని కూడా ఒక పిచ్చి ఆలోచన వచ్చి పోయింది. ఆయన కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, చేతిని బల్లమీద పెట్టాడు.

"నాది ఒకసారి చూడు మరదలా."

"ఏం చూడాలి?"

"రక్తం. అందులో అది ఎంతుందో నిజంగా చెప్పు."

మిరియం ఆ చేతిని చూసింది. తెల్లగా, నున్నగా, సూది మొన తాకిన గుర్తు ఒక్కటీ లేకుండా ఉంది.

"మీకు సొంత మిషన్లున్నాయిగా? ఒక్కసారి కూడా ఎక్కలేదా?"

"అవా?" ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. "అవి జనం కోసం."

బావగారే మళ్ళీ మొదలుపెట్టాడు. ఇప్పుడాయన గొంతులో మైకు లేదు.

"నిజం చెప్తున్నా. రోజూ అదే చెప్పీ చెప్పీ నాకే నిద్ర పట్టట్లేదు. నీళ్ళు తాగుతుంటే అదే గుర్తొస్తోంది. ఊపిరి పీలిస్తే అదే. గుండె దడగా ఉంటే, ఇరుక్కుందేమో అనిపిస్తోంది. ఉందా మరదలా? నిజంగానే ఉందా?"

ఇన్నాళ్ళూ ఈ మనిషి దేన్నీ నమ్మడని ఆమె అనుకుంది. అది తప్పు. ఆయన భయాన్ని నమ్మాడు, తన వైద్యాన్ని మాత్రం నమ్మలేదు. కట్టుకున్న భార్యకి నమ్మనిదాన్ని ఎక్కించి, తన చెయ్యి మాత్రం భద్రంగా దాచుకున్నాడు. మోసగాడంటే కనీసం గుండెధైర్యం ఉంటుందనుకుంది మిరియం. ఇతనికి అదీ లేదు.

"ఉండే ఉంటుంది," అంది. "వెతికినవాళ్ళకి చాలామందిలో దొరుకుతోంది. మీరేం ప్రత్యేకం కాదు."

"అది ఏం చేస్తుంది?"

"తెల్లకణాలని చికాకుపెట్టవచ్చు. వాపు పెంచవచ్చు. ఏమీ చేయకపోవచ్చు కూడా. ఇంకా పూర్తిగా తెలీదు."

"తీసేసే మార్గం?"

"పనిచేస్తుందని నిరూపణ అయినది నాకు తెలిసి ఏదీ లేదు. కొత్తగా లోపలికి పోయేది కాస్త తగ్గించుకోవచ్చు. వేడివేడివి ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టకండి. ఇంట్లో దుమ్ము తడిగుడ్డతో తుడవండి."

"అంతేనా?" అన్నాడాయన. మోసపోయిన కొనుగోలుదారు ముఖం పెట్టాడు.

"అంతే."

"తడిగుడ్డ చెప్పడానికా ఇన్నేళ్ళు చదివావు?"

ఆమెకి నవ్వొచ్చింది. కోపంకంటే ఆ నవ్వే ఎక్కువ చేదుగా ఉంది. "మీ రక్తం నేను తీయను బావగారూ. మా పరిశోధనకి పేర్లిచ్చినవాళ్ళవే తీస్తాం, భయపడి వచ్చినవాళ్ళవి కాదు. చొక్కా దించుకోండి. ఇంటికొచ్చి, ఇప్పుడు నాతో అన్న మాటే అక్కతో అనండి. ఒక్కసారి కూడా నేను ఎక్కలేదని చెప్పండి."

"మీ అక్క ముందా?" ఆయన అదిరిపడ్డాడు. "ఇంకేమైనా ఉందా? నా పరువేం కావాలి?"

చొక్కా చెయ్యి దించుకుని, గుండీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతున్నప్పుడే ఫోన్‌లో ఎవరికో గట్టిగా, ధీమాగా చెప్తున్నాడు: "రండి, రండి, రెండు సార్లు కడిగించుకుంటే చాలు!"

సాయంత్రం మిరియం అంతా అక్కకి చెప్పింది. దాచిపెట్టి అక్కని కాపాడదామన్న ఆలోచన ఆమెకి రాలేదు; ఇన్నాళ్ళూ ఆయన అక్క దగ్గర దాచబట్టే ఇంతదాకా వచ్చింది. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. చాలాసేపు తన మోచేతి మడతలో మానుతున్న మచ్చని చూసుకుంది.

"ఒక్కసారి కూడా ఎక్కలేదన్నాడా?"

'అన్నారా' అనలేదు. మిరియం అది గమనించింది.

"లేదన్నాడు."

"రేపు నన్ను ఆ ఆఫీసుకి తీసుకెళ్ళు," అంది అక్క.

అదే అధికారి, అదే బల్ల. దెబ్బతిన్నవాళ్ళు ఫిర్యాదివ్వాలని అన్నాడు కాబట్టి అక్క మోచేతి మీంచి చీర కొంగు తప్పించి ఆయన ముందు చెయ్యి చాచింది. ఆయన బిళ్ళ చప్పరించడం మానేశాడు.

"భర్త మీదే ఇస్తున్నారు. మరోసారి ఆలోచించుకున్నారా?"

"ఆలోచించకుండా చేసింది ఇదివరకటి పని," అంది అక్క. "ఇది ఆలోచించే చేస్తున్నాను. మీ ఇంట్లోవాళ్ళని పంపించారా అక్కడికి?"

అధికారి మొహం మాడిపోయింది. పంపించాడన్నమాట.

వాళ్ళ ఆవిడ చెయ్యి కూడా వాచిందో ఏమో, ఆ శాఖలో ఎప్పుడూ కనపడని చురుకుదనం కనపడింది. మనుషులొచ్చి కేంద్రం తలుపులకి సీలు వేశారు. ఒకసారి వాడి పారేయాల్సిన గొట్టాలని నీళ్ళలో జాడించి మళ్ళీ వాడుతున్నారని తేలింది. బయట వరసలో ఉన్నవాళ్ళు సంతోషిస్తారని మిరియం అనుకోలేదు, అయినా వాళ్ళ కోపం ఆమెని విస్తుపోయేలా చేసింది. వాళ్ళు తిట్టింది బావగారిని కాదు, అక్కని. "మొగుడు నలుగురికి మేలు చేస్తుంటే కడుపుమంట" అన్నారు. ఒకాయన అయితే, "మా వంతు రాకముందే మూయించావు కదమ్మా" అని ఇంటికొచ్చి మరీ దెబ్బలాడాడు. వాళ్ళలో సగంమంది నెల తిరక్కుండానే, వేరే వీధిలో ఊపిరితిత్తుల దుమ్ము కడిగే కొత్త కేంద్రం ముందు నిలబడ్డారు. దాని యజమాని ఎవరో చెప్పక్కర్లేదు. ఈసారి బోర్డు మీద మిరియం వాక్యం లేదు. ఇంకెవరిదో దొరికింది.

అక్క మెల్లగా కోలుకుంది. మళ్ళీ బడికి వెళ్తోంది. పిల్లల చేత బోర్డు మీద రాయిస్తుంది, తను కుర్చీలోంచి తప్పులు పట్టుకుంటుంది. నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని డాక్టరు మాటివ్వలేదు. సొంతానికి ఒక చిన్న వాటా అద్దెకి చూసుకుంటానంది. తొందరేముందని మిరియం అన్నా వినలేదు.

వాటాలోకి మారే ముందు, సామాన్లు సర్దుతుంటే ఫోను మోగింది. అక్క చేతులు ఖాళీగా లేక స్పీకరు నొక్కింది. బావగారు.

"నా బీపీ మాత్రలు నిన్నటితో అయిపోయాయి. నువ్వు కొని దాచినవి ఎక్కడ పెట్టావు? ఇల్లంతా వెతికాను. పొద్దున్నే వేసుకోవాల్సింది, ఇంకా వేసుకోలేదు. తల తిరుగుతోంది."

అక్క, చెల్లెలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"డాక్టరు రాసిచ్చినవేనా?" అంది అక్క.

"మరి ఇంకెవరు రాసిస్తారు? ఒక్క పూట కూడా మానకూడదన్నాడు. తొందరగా చెప్పు."

"పడకగదిలో, అద్దం వెనక అరలో ఉన్నాయి," అని అక్క ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత ఆమెకి నవ్వు పుట్టింది. మంచం పట్టె పట్టుకుని, ఇంకా నొప్పిగా ఉన్న మోకాళ్ళ మీద కూర్చుని నవ్వింది. "ఒక్క పూట కూడా మానలేదే! ఒక్క పూట!" అంటూ నవ్వింది. మిరియం మొదట భయపడింది, తర్వాత తనూ కింద కూలబడింది. ఫోను మళ్ళీ మోగింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. అది మోగీ మోగీ ఆగాక అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, "లేవే, ఆ దుప్పట్లు నువ్వే మడతపెట్టాలి, నా వేళ్ళు వంగవు" అంది.